చలిగదుల రేంజి

మార్చి 3, సోమవారం

ఈ రోజు గెలిచాను. ముందు అది రాసి తరవాత మిగతాది.

కోల్డ్ స్టోరేజీలో చేరాక మేనేజరు ఎదుట కూర్చుని మాట్లాడటం ఇదే మొదలు. ఆయన కూర్చోమనలేదు. నేనే కూర్చున్నాను. మనిషిని నిలబెట్టి మాట్లాడేవాడు మనిషిని చూడటం లేదు, హోదాను చూసుకుంటున్నాడు అని బస్టాండు స్టాలులో కొన్న చిన్న పుస్తకంలో ఉంది. ఆ పేజీ నాకు కంఠతా వచ్చు.

మా నెట్‌వర్క్‌కి ఏ యంత్రాలు తగిలించి ఉన్నాయో కనిపెట్టే స్కాన్ రోజూ మధ్యాహ్నం దానంతటది నడుస్తుంది. ఒక్కో అడ్రసు దగ్గరా ఆగి ‘ఎవరక్కడ?’ అంటుంది. బదులిచ్చినవన్నీ తెర మీదికి వస్తాయి. ఇన్నాళ్ళూ అది పై అంతస్తులోని ఆఫీసు దాటి కిందికి దిగలేదు. వచ్చే సోమవారం నుంచి లోడింగు వసారా, ఇంజను గది, ఆరు చలిగదులు అన్నిటి రేంజీలూ, అంటే అక్కడి యంత్రాల అడ్రసుల వరసలూ, అందులో కలిపెయ్యాలని హెడ్డాఫీసు హుకుం.

“రెండంకెలు మార్చి మీట నొక్కితే అయిపోయేదానికి పరీక్షేమిటయ్యా?” అన్నాడు మేనేజరు.

“నొక్కేది మీరు, పడిపోయేది యంత్రం సార్. ఆ యంత్రాన్ని నమ్ముకుని పనిచేసే మనిషి సంగతేంటి?” అన్నాను. గొంతు కాస్త పెద్దదైంది. వరండాలో ఇద్దరు తొంగి చూశారంటే కాస్త కన్నా ఎక్కువే అయ్యుండాలి.

సిస్టమ్స్ చూసే మా మేడమ్ అంతసేపూ కళ్ళద్దాలు తుడుచుకుంటూ కూర్చుంది. చివరికి, “అరుపు తీసేస్తే అబ్బాయి మాట సబబే సార్. ఒక్కో రేంజీ విడిగా పరీక్షించి, ఏదీ పడిపోలేదని చూసుకుని, ఆ తరవాతే షెడ్యూల్లో పెడదాం” అంది.

నియమం కూడా పెట్టించాను. స్కాన్ తగిలే వేళకి ప్రతి యంత్రం పక్కనా ఒక మనిషి నిలబడి చూస్తూ ఉండాలి. మినహాయింపుల్లేవు. ఈ చివరి మాట పెద్ద అక్షరాలతో రాసి మా గది తలుపుకి అంటించాను.

ఇంట్లో చెబితే బావ పకపకా నవ్వాడు. “ఇంకేం, మా విప్లవం కంపెనీని స్వాధీనం చేసుకున్నాడన్నమాట!” బావ అక్కడే ఎలక్ట్రీషియను. నన్ను ఆ ఉద్యోగంలో పెట్టించింది తనే. ఆ పాపానికి రోజుకో ఎగతాళి పడుతున్నాను.

“వాడే నయం,” అంది అక్క. “మేనేజరు మీద అరిచి వచ్చాడు. నువ్వు మేనేజరు మీది కోపం మోసుకొచ్చి నా మీద అరుస్తావు.”

బావ నవ్వు ఆగిపోయింది. అది కూడా నా గెలుపు కిందే జమ.

మార్చి 4, మంగళవారం

లోడింగు వసారా రేంజి. పెట్టెలకి చీటీలు కొట్టే ప్రింటర్లు రెండున్నాయి. స్కాన్ తగిలిందో లేదో రెండూ పూనకం వచ్చినట్టు పిచ్చి గీతలూ చుక్కలూ ఉన్న చీటీలు బారలకొద్దీ కక్కాయి. నియమం ప్రకారం పక్కన నిలబెట్టిన గుమాస్తా వాటిని ఆపకుండా, వచ్చినవి వచ్చినట్టు చింపి బఠాణీల పెట్టెలకి అంటించేస్తున్నాడు!

“ఏం సరుకని అంటిస్తున్నావ్?” అని అరిచాను.

“పైనుంచి వచ్చింది కదా. పైవాళ్ళ రాత నాకెప్పుడు అర్థమైంది కనక?” అన్నాడు.

ప్రింటర్లని పలకరించే పద్ధతి మార్చాను. రెండోసారి ఒక్క చీటీ రాలేదు. మేనేజరుకి చూపించి, “ఇందుకండీ పరీక్ష” అన్నాను. నిలబడే అన్నాను, ఆయన గదిలో కుర్చీ తీసేయించాడు కాబట్టి.

మార్చి 5, బుధవారం

ఇంజను గది రేంజి నిక్షేపంగా పోయింది. ఒక్క యంత్రం కూడా తుమ్మలేదు.

మధ్యాహ్నం చలిగదుల రేంజి. మొదటి విడత మెత్తగా, ఉన్నారా లేరా అని అడగడం వరకే. అన్నీ తెలిసినవే వచ్చాయి, ఒక్కటి తప్ప. పేరు లేదు, ఊరు లేదు. మనం పెట్టింది కాదు.

తీగ పట్టుకుని పోతే ఆడవాళ్ళు స్వెటర్లు మార్చుకునే గది తేలింది. తలుపు కొట్టి, ఉన్నవాళ్ళు రమ్మన్నాకే వెళ్ళాను. అల్మారాల పైన చిన్న తెల్ల పెట్టె. రూటర్. కింద బల్ల మీద స్వెటరక్క ఫోను పట్టుకుని ఒళ్ళంతా నవ్వుతోంది. ఆమె మండుటెండలో కూడా స్వెటర్ విప్పదు, అందుకే ఆ పేరు. ఫోనులో ఎవరో పిల్ల, ఊడిన పన్ను చూపిస్తోంది.

“ఏం తమ్ముడూ, ఏం వెతుకుతున్నావ్?”

“ఏం లేదు. బెల్లు పెట్టెలు చూద్దామని.”

బెల్లు పెట్టెలు నిజంగానే ఆ గది బయట గోడకే ఉన్నాయి, నాలుగు, ఐదు, ఆరు గదులవి. మిగతా మూడు గదులవి వేరే రకం. చలిగది లోపల తలుపు పక్కన ఒక ఎర్ర మీట ఉంటుంది. ఎవరైనా లోపల చిక్కుకుంటే అది నొక్కాలి. ఈ పెట్టె దాన్ని అందుకుని నెట్‌వర్క్ మీదుగా వరండాలోనూ ఇంజను గదిలోనూ గంట మోగిస్తుంది.

“తలుపుకి లోపలా హ్యాండిల్ ఉంది కదా, ఇంకా ఇదెందుకు?” అన్నాను.

“హ్యాండిల్‌కి మంచు పడితే ఏనుగు లాగినా రాదు. పోయినేడు నేను ఐదో గదిలో ఉండిపోలా? మీట నొక్కాను కాబట్టి నీతో మాట్లాడుతున్నా. లేకపోతే నన్నూ బఠాణీలతో కలిపి పంపేవాళ్ళు.” అందరూ నవ్వారు. ఆమె మాత్రం స్వెటర్ చేతులు ఇంకాస్త కిందికి లాక్కుంది.

రెండో విడత, అంటే గట్టిగా అన్ని ప్రశ్నలూ అడిగే స్కాన్, ఈ రోజు చెయ్యలేదు. టైము చాల్లేదు.

తెల్ల పెట్టె తీగకి నల్ల టేపు. టేపు చివర చిన్న చెవిలా మడిచి ఉంది, రేపు ఊడదీసేవాడికి గోరు ఆడాలని. అలా మడిచేవాడు ఈ కంపెనీ మొత్తానికి ఒక్కడే. ఈ ఇంటి స్విచ్చి బోర్డులన్నిటికీ అదే చెవి.

మార్చి 6, గురువారం

భోజనాల దగ్గర కదిపాను.

“బావా, ఆడవాళ్ళ గదిలో అల్మారా మీద...”

“ఎలకలున్నాయి,” అన్నాడు కంచంలోంచి తలెత్తకుండా.

“వాటికి దీపాలున్నాయి. పచ్చవి. మినుకుమినుకుమంటున్నాయి.”

“ఈ కాలం ఎలకలు మరి.”

“ఏ ఎలకలు?” అంది అక్క. ఇద్దరం తినడంలో పడ్డాం.

చేతులు కడుక్కునే దగ్గర బావ నన్ను మూలకి లాగాడు. “చూడు, ఆ గోడలు మూరెడు మందం. ఫోను పలకదు. పొద్దస్తమానం మంచులో బరువులు మోసి, ఆ కాసేపు పిల్లల మొహం చూసుకుంటామన్నారు. ఇంట్లో పాత పెట్టె పడి ఉంది, తగిలించాను. ఒకరికొకరు, ఒకరికొకరు అని నీ పుస్తకాల్లో అచ్చేస్తారే, అదేగా?”

అదే. అక్షరాలా అదే! నా పుస్తకాలన్నిటికన్నా ఆ తెల్ల పెట్టె గొప్పది అనాలనిపించింది. అనలేదు. నెత్తికెక్కుతాడు.

కానీ అనుమతి లేని పెట్టె నెట్‌వర్క్‌కి తగిలించినవాడికి ఉద్యోగం ఉండదు. వానాకాలంలో స్టోర్‌కీపర్ని అలాగే పంపేశారు, మధ్యాహ్నం టీ కూడా తాగనివ్వకుండా. గట్టి స్కాన్ చేస్తే ఆ పెట్టె పుట్టుపూర్వోత్తరాలన్నీ మేనేజరు చూసే రిపోర్టులో పడతాయి.

“తీసెయ్యమంటావా?” అన్నాడు బావ.

“నేనేమీ అనలేదు. నేనసలేమీ చూడలేదు.”

మార్చి 7, శుక్రవారం

చలిగదుల రేంజిని పరీక్ష నుంచి తీసేశాను. కారణం సాంకేతికం.

అదే రోజు, సాయంత్రం

ఆ కారణం ఏమిటో కూడా రాసి పెట్టుకోవడం మంచిది. ఆ వరండాలో వైరింగు పాతది. చెమ్మ ఎక్కువ. ఫలితాలని నమ్మడానికి లేదు. రిపోర్టులో మూడు వాక్యాలుగా రాశాను, మూడూ బాగా కుదిరాయి. పరీక్షలోంచి తీసేసినట్టే షెడ్యూల్లోంచి కూడా ఆ రేంజి తీసెయ్యాలని సిఫారసు చేశాను. స్కానే తగలనప్పుడు ఏదీ పడిపోదు, ఏదీ బయటపడదు. ఎవరికీ నష్టం లేదు.

మేడమ్ చదివి, “చెమ్మా?” అంది.

“చలిగదులు కదండీ.”

“చలిగదుల్లో చెమ్మ లోపలుంటుంది. వరండాలో కూడానా?”

“వరండాలో కూడానండి.”

అబద్ధమేమీ కాదు. వరండా గోడ మీద చెయ్యి పెట్టి చూశాను కూడా. చల్లగా ఉంది.

మార్చి 8, శనివారం

మేనేజరు నన్ను పిలిచి భుజం తట్టాడు. కుర్చీ మళ్ళీ వచ్చింది. హెడ్డాఫీసు వాళ్ళకి నా రిపోర్టు నచ్చిందట, ఏదీ పడిపోకుండా ఇంత శుభ్రంగా ఎవరూ చెయ్యలేదట. “అందుకని సోమవారం మధ్యాహ్నం మొత్తం ఒకేసారి కలిపేస్తున్నాం. చలిగదులతో సహా.”

“అది తీసెయ్యమని రాశాను సార్.”

“రాశావు. కానీ నీ తలుపు మీద ఇంకోటి రాసుంది, మినహాయింపుల్లేవు అని. అది నాకు నచ్చింది. మిగతా రేంజీలన్నీ బాగున్నప్పుడు అదొక్కటీ ఎందుకు బాగుండదయ్యా?”

తలుపు మీద అది రాసింది నేనే.

దారి మాత్రం దొరికింది. రేపు ఆఫీసుకి సెలవు. బావ డ్యూటీ ఎలాగూ ఉంది. ఆ పెట్టె పీకేస్తే స్కాన్‌కి దొరికేదేమీ ఉండదు. అంతే, చిక్కు విడిపోయింది. ఏమీ కాదు.

మార్చి 9, ఆదివారం

బావ పెట్టె తీసుకొచ్చి బీరువా మీద పెట్టాడు. ఏదో సొంత కోడిపెట్టని అమ్ముకున్నవాడిలా మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. “ఇదేంటి మళ్ళీ ఇంటికొచ్చింది?” అంది అక్క. “ఎలకలు ఖాళీ చేశాయి,” అన్నాడు.

ఇక చలిగదుల రేంజిలో అన్నీ తెలిసిన యంత్రాలే. భయపడాల్సిందేమీ లేదు.

“బావా, ఆ బెల్లు పెట్టెలు ఎప్పటివి?”

“మా పెళ్ళికి ముందువి. నాలాగే, ఒక్క మాటైతే వింటాయి. ఒకేసారి పది అడిగితే బిగుసుకుపోతాయి. ఏం?”

“ఏం లేదు.”

లోడింగులో ఏమీ కాలేదు, ఇంజను గదిలో ఏమీ కాలేదు. ఇక్కడా ఏమీ కాదు.

ఏమీ కాదు.

లోడింగులో మొదటిసారి అయింది.

మార్చి 10, సోమవారం

షిఫ్టు మొదలవకముందే వెళ్ళాను. స్వెటరక్క ఒక్కతే వచ్చి ఉంది. ఆరో గది ఖాళీ. లాప్‌టాప్ వరండాలో బల్ల మీద పెట్టి, “అక్కా, నేను లోపలికెళ్ళి మీట నొక్కుతాను. గంట మోగితే తలుపు తియ్యి” అన్నాను.

“మోగకపోతే?”

“నూరు లెక్కపెట్టి తియ్యి.”

“నూరంటే నువ్వు గట్టిపడతావు. అరవై చాల్లే.”

ముందు ఊరికే ఒకసారి నొక్కాను. తలుపు వెంటనే తెరుచుకుంది. గంట బాగానే ఉంది. బయటికొచ్చి ఆ రేంజి మీద గట్టి స్కాన్ మొదలుపెట్టి, మళ్ళీ లోపలికెళ్ళి తలుపు వేయించుకున్నాను. మీట నొక్కాను.

మీటలో చిన్న ఎర్ర దీపం వెలిగింది. లోపలికి బయటి చప్పుడేదీ రాదు. గంట మోగిందో లేదో నొక్కినవాడికి తెలియదు. మళ్ళీ నొక్కాను. హ్యాండిల్ పట్టుకుంటే వేళ్ళు అంటుకున్నాయి. స్వెటరక్క ఎంతవరకు లెక్కపెట్టిందో అని నేనూ లెక్కపెట్టబోయాను. నా అంకెలు తడబడిపోయాయి. మధ్యాహ్నం పన్నెండుకి ఈ గదిలో ఎవరైనా ఉండి ఉంటే? అరవైకి తలుపు తీస్తానని ఎవరూ మాటివ్వకుండా ఉండి ఉంటే?

తలుపు తెరుచుకుంది. “మోగలేదు తమ్ముడూ,” అంది. ఆమె పెదవులు నాకన్నా తెల్లగా ఉన్నాయి.

స్కాన్ ఆపేశాను. అయినా బెల్లు పెట్టెలు లేవలేదు. ఇంజను గదిలో తెర మీద మాత్రం మూడు గదుల బెల్లులూ ‘సిద్ధం’ అనే చూపిస్తున్నాయి! ఈ రోజు నుంచి రోజూ మధ్యాహ్నం ఇదే జరిగేది. ఎవరికీ తెలిసేది కాదు.

మేనేజరు గదికి పరిగెత్తాను. మేడమ్ అక్కడే ఉంది. అంతా చెప్పాను.

మేనేజరు నా రిపోర్టు తీశాడు. “వైరింగు పాతది, చెమ్మ, ఫలితాలని నమ్మడానికి లేదు. ఇది నువ్వు రాసిందే. మరి ఈ ఉదయపు ఫలితాన్ని మాత్రం ఎలా నమ్మమంటావు? తుడిపిద్దాం, ఆరబెడదాం. మధ్యాహ్నం స్కాన్ నడుస్తుంది.”

నా మూడు వాక్యాలు. ఎంత బాగా కుదిరాయో!

“అక్కడ చెమ్మ లేదు సార్. అది నేను కల్పించింది.”

మేడమ్ కళ్ళద్దాలు తీసింది. “మరి బుధవారం ఎందుకాపావు?”

చెప్పాను. తెల్ల పెట్టె ఉందని, ఎవరికోసం పెట్టారో, ఎవరు పెట్టారో. మా బావ అన్నాను. ఆ రెండక్షరాలు పలకడానికి పట్టినంత సేపు నాకు ఏ ఉపన్యాసానికీ పట్టలేదు.

మధ్యాహ్నం స్కాన్‌ని మేడమ్ ఆపేసింది, మేనేజరుతో ఒక్క మాట అనకుండా తనే వెళ్ళి. మేనేజరు బావ చేతిలో సస్పెన్షను కాగితం పెట్టాడు. “నీ సంగతి తరవాత,” అన్నాడు నాతో.

ఇంట్లో అక్క గిన్నెలు దించుతోంది. బావే అన్నాడు, “చెప్పక తప్పలేదంటావు.”

“తప్పలేదు.”

“సరే. నీ బదులు నేనున్నా చెప్పేవాణ్ణే. కాకపోతే నేను ముందు నీ పేరు చెప్పేవాణ్ణి.”

అక్క కంచం నా ముందు ఠంగుమని పెట్టింది. “ఇద్దరూ కలిసి ఊరికి చేసిన మంచి చాలు. తినండి.” కంచంలో అన్నీ ఉన్నాయి. అక్క కళ్ళు మాత్రం నా వైపు లేవు. లేకపోనీ. నేను చేసింది సరైనదే. ఇది వాదన కోసం రాయడం లేదు, అరచేతికి ఇంకా ఆ హ్యాండిల్ అంటుకునే ఉంది.

మార్చి 11, మంగళవారం

పొద్దున్న వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా వరండాలో గోడకి ఆనుకుని నిలబడి ఉన్నారు. బెల్లు పెట్టెల్ని ఆపి మళ్ళీ వేశాక నాలుగు, ఐదు గదుల గంటలు మోగాయి. ఆరోది మోగలేదు. మోగిన రెండూ రేపు మోగుతాయన్న నమ్మకం వాళ్ళకి లేదు. బయట లారీ నిండా సరుకు, కింద నీళ్ళు కారుతున్నాయి.

“కాంట్రాక్టరు మనిషి ఎల్లుండి వస్తాడు,” అన్నాడు మేనేజరు.

“అయితే మేమూ ఎల్లుండే లోపలికెళ్తాం సార్,” అంది స్వెటరక్క, పెళ్ళిపిలుపుకి జవాబిస్తున్నంత మర్యాదగా.

ఇన్నేళ్ళ చదువు నా గొంతులోకి పొంగుకొచ్చింది. బల్ల ఎక్కాను. “సోదరీమణులారా! చరిత్రలో...”

“దిగు తమ్ముడూ, ఆ బల్లకి కాలు సరిగా లేదు,” అంది. “చరిత్ర తరవాత. మీ బావ ఇంట్లోనే ఉన్నాడా? ఆయనైతే ఒక్క పూటలో సరిచేస్తాడు కదా?”

మేనేజరు లారీ కింద మడుగుని చూశాడు. ఫోను నా చేతే చేయించాడు.

బావ వచ్చాడు. మేనేజరు స్వయంగా గేటు దాకా నడిచాడు. బావ మాత్రం గేటు గీత దాటలేదు. “సస్పెన్షనులో ఉన్నాను సార్. కంపెనీ వస్తువు ముట్టుకోకూడదని కాగితంలో ఉంది. చదువుకున్నవాళ్ళు రాసింది మనం మీరకూడదు.”

మేనేజరు చెయ్యి చాపాడు. “ఆ కాగితం ఇటివ్వవయ్యా.” తీసుకుని నాలుగు మడతలు పెట్టి జేబులో దోపుకున్నాడు. దాని సంగతేమవుతుందో ఎవరూ అడగలేదు. అడిగే రోజు వస్తే నేనున్నాను. ఆడవాళ్ళ గదికి కంపెనీ పేరు మీదే ఒక రూటర్ కావాలని మేడమ్ అప్పటికే రాసి పెట్టింది. ఇంకా సంతకం కాలేదు.

బావ బెల్లు పెట్టెల్ని నెట్‌వర్క్ నుంచే తప్పించాడు. మీట నుంచి గంటకి తిన్నగా ఒక్క తీగ. మధ్యలో అడిగేవాడూ లేడు, బదులిచ్చేవాడూ లేడు. మధ్యాహ్నానికల్లా మూడు గదులూ అయ్యాయి. నేను బల్ల దగ్గర ఆ రేంజి మీద గట్టి స్కాన్ పెట్టాను, ఎంత గట్టిగా అడగొచ్చో అంత గట్టిగా.

“లోపలికెవరు?” అన్నాడు బావ.

నేనే వెళ్ళాను. నాలుగు. ఐదు. ఆరు.

ఆరో గదిలో తలుపు మూసుకున్నాక అదే నిశ్శబ్దం. మీట నొక్కాను. గంట నాకు వినపడదు, అది తెలుసు. వేలు ఇంకా మీట మీదే ఉంది, తలుపు తెరుచుకుంది. వరండా వెలుగు, గంట మోత, తలుపు లాగడానికి ఒకరి మీద ఒకరు పడిన అరడజను చేతులు, అన్నీ ఒక్కసారిగా లోపలికొచ్చాయి.